పిప్పిపన్నుకు ఫిల్లింగ్ ఎలా చేయించుకోవాలి: దశ, ఖర్చు, భద్రత, తర్వాతి జాగ్రత్తలు

పన్ను నొప్పి పుట్టేదాకా ఆగి, అప్పుడు "సిమెంట్ పెట్టండి" అని వెళ్లేవాళ్లే మన వైపు ఎక్కువ. కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా దంతవైద్యులు రోజూ వినే మాట ఇదే. అప్పటికి చాలాసార్లు సిమెంట్ పెట్టే కాలం దాటిపోయి ఉంటుంది. పంటి పై పొర ఎనామిల్‌లో నరం ఉండదు కాబట్టి పుచ్చు అక్కడున్నంత కాలం మనకేమీ తెలియదు. దాని కింది డెంటిన్‌లోకి దిగితే చల్లనీళ్లకు, తీపికి జివ్వుమంటుంది. ఇంకా దిగి నరం ఉండే గుజ్జును తాకితే రాత్రిళ్లు నిద్ర ఉండదు. మొదటి రెండు దశల్లో వెళ్తే ఒక్క పూటలో, ఒకటి రెండు వేల లోపే పని అయిపోతుంది. మూడో దశలో ఫిల్లింగ్ నిలవదు. రూట్ కెనాల్ (లోపలి గుజ్జు తీసేసి వేరు లోపల శుభ్రం చేసి నింపడం), దాని మీద క్యాప్ (పంటి తొడుగు) కలిపి ఖర్చు ఐదారు రెట్లవుతుంది. అందుకే ముందు మీ పన్ను ఏ దశలో ఉందో తెలుసుకోండి.

1. ఇంట్లోనే చూసుకోండి

పళ్లు తోముకున్నాక ఫోన్ టార్చి వేసి అద్దంలో దవడ పళ్ల పైభాగం చూడండి. గాడిలో సన్నని నల్లగీత ఉన్నంత మాత్రాన పుచ్చు కాదు. గీత చుట్టూ పన్ను బూడిదరంగులోకి మారినా, గుంటలో నాలుక తగులుతున్నా పుచ్చు అనుకోవాలి. రెండు పళ్ల సందులో మొదలైన పుచ్చు అద్దంలో కనిపించదు. రోజూ ఒకే చోట మాంసం పీచో, ఆకుకూరో ఇరుక్కుంటుంటే, అక్కడ ఫ్లాస్ దారం వేసినప్పుడు చిట్లి పోగులు పోగులుగా వస్తుంటే అనుమానించండి.

తర్వాత చల్లనీళ్లు ఒక గుక్క ఆ పక్కకు పోనిచ్చి ఉమ్మేయండి. జివ్వుమని, నీళ్లు ఉమ్మేసిన కొన్ని సెకన్లకే తగ్గిపోతే గుజ్జు ఇంకా బాగున్నట్టే, ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఎక్కువ. అర నిమిషం దాటినా సలుపుతుంటే, వేడి టీకి పెరుగుతుంటే, ఏమీ తినకపోయినా దానంతటదే పోటు వస్తుంటే, పడుకోగానే ఎక్కువవుతుంటే నరం దెబ్బతింది. పన్ను పక్కన చిగురు మీద చిన్న కురుపులాగా లేచి చీము కారుతుంటే లోపల నరం చచ్చిపోయి, ఆ ఇన్‌ఫెక్షన్ వేరు చివరికి చేరిందని అర్థం. కొందరికి ఆ సమయంలో నొప్పి పూర్తిగా పోతుంది. పన్ను బాగైందని అనుకోవద్దు.

దవడ కింద గానీ కంటి కింద గానీ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా తెల్లవారేదాకా ఆగొద్దు. ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి. పంటి చీము మెడలోకి దిగితే ఊపిరాడక ప్రాణానికే ముప్పు.

ఫ్లోరైడ్ మరకల సంగతి మన జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అనంతపురం జిల్లాలో చాలా పల్లెల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. సత్యసాయి మంచినీళ్లు రాకముందు బోరు నీళ్లే తాగి పెరిగిన వాళ్ల పళ్ల మీద సున్నం పూసినట్టు తెల్లచారలు, గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. ఇవి పుచ్చు కాదు. సుమారు ఎనిమిదేళ్ల లోపు, దవడ లోపల పన్ను తయారయ్యే కాలంలో పడిన మచ్చలు. కుడి ఎడమ పళ్ల మీద దాదాపు ఒకేలా ఉంటాయి, మామూలుగా గుంట ఉండదు, చల్లనీళ్లకు జివ్వుమనదు. అలాంటి మరకలన్నిటికీ ఫిల్లింగ్ చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఇంకో డాక్టర్‌కు చూపించండి. ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ మరకలు) ఉన్న పంటికి నిజంగానే పుచ్చు పట్టి ఫిల్లింగ్ చేయాల్సి వస్తే మాత్రం, చిన్నప్పుడు ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగారో డాక్టర్‌కు చెప్పండి. ఆ ఎనామిల్‌కు మందు సరిగా పట్టాలంటే సిద్ధం చేసే పద్ధతి కొంచెం మార్చాలి.

2. వెళ్లేలోపు నొప్పికి ఏం చేయాలి, ఏం చేయకూడదు

పెద్దవాళ్లు పారాసిటమాల్ 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా వేసుకోవచ్చు. కాలేయం జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. మెడికల్ షాపులో "పన్ను నొప్పికి" అనగానే చేతిలో పెట్టే మాత్రల్లో డైక్లోఫెనాక్ లాంటివి ఉంటాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్లు అవి వేసుకోకూడదు. డెంగ్యూ అనుమానమున్న జ్వరంలో అసలే వద్దు. యాంటిబయాటిక్ మూడు రోజులు వాడి నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవడం ఇంకో తప్పు. గుజ్జు వాపు వల్ల వచ్చే నొప్పి మీద యాంటిబయాటిక్ పనిచేయదు. వాపు, జ్వరం ఉన్నప్పుడు కూడా అది తోడుగా ఇచ్చే మందే. లోపలి కుళ్లు తీయకపోతే మళ్లీ తిరగబెడుతుంది.

లవంగ నూనె దూదిపుల్లకు ఒక్క చుక్క అద్ది గుంటలో మాత్రమే పెట్టొచ్చు. సీసా వంపితే చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది. ఆస్పిరిన్ మాత్ర నూరి చిగురు మీద పెట్టినా అంతే. నశ్యం, పొగాకు, కర్పూరం, సున్నం ఏవీ పెట్టొద్దు. సంతల్లో, బస్టాండ్ల దగ్గర పంటి పురుగులు తీసి చూపిస్తామనే వాళ్లను నమ్మొద్దు. పంటిలో పురుగులుండవు. పుచ్చు కంటికి కనిపించని బ్యాక్టీరియా పని. అవి మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మార్చి పంటిని కరిగిస్తాయి. వాళ్లు చూపించే పురుగు వాళ్లు తెచ్చుకున్నదే.

3. ఎక్కడికి వెళ్లాలి, లోపలికి వెళ్లాక ఏం చూడాలి

కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో దంత విభాగాలున్నాయి. కళాశాలల్లో ఖర్చు తక్కువ. విద్యార్థులు చేస్తారు, ప్రతి దశలో ప్రొఫెసర్ వచ్చి చూస్తారు. ప్రైవేటు క్లినిక్‌లో అరగంటలో అయ్యే పనికి ఇక్కడ సగం పూట పట్టొచ్చు, మళ్లీ రమ్మని కూడా అనొచ్చు. తొందర లేనివాళ్లకు, ఒకేసారి నాలుగైదు పళ్లకు ఫిల్లింగ్ కావాల్సినవాళ్లకు ఇదే మేలు. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకునేలా బయల్దేరండి, ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి.

ప్రైవేటుకు వెళ్తే బోర్డు మీద బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) గానీ ఎండీఎస్ (దాని పై చదువు) గానీ, దాని పక్కన డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. మామూలు ఫిల్లింగ్‌కు బీడీఎస్ చాలు. చిన్న ఊళ్లలో ఏ పట్టా లేకుండా తరతరాలుగా పళ్లు కడుతున్న వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు పుచ్చు పూర్తిగా తీయకుండానే పైన సిమెంట్ అద్దుతారు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల కుళ్లు నడుస్తూనే ఉంటుంది.

శుభ్రత గురించి అడగడానికి మొహమాటపడొద్దు. పనిముట్లను ఆటోక్లేవ్‌లో పెడతారు. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర అంతకంటే తక్కువసేపు ఆవిరి ఒత్తిడిలో ఉంచితే హెపటైటిస్ బి వైరస్‌తో సహా అన్నీ చస్తాయి. పనిముట్లున్న కవరును మీ ముందే చింపాలి. కవరు మీద రంగు మారే గుర్తు ఉంటుంది, అది మారిందో లేదో చూడండి. సూది కొత్తది కావాలి, గ్లౌజులు మీ కోసం కొత్తగా వేసుకోవాలి. పనిముట్లను డెటాల్ లాంటి నీళ్లలో ముంచి తీసి వాడుతుంటే అక్కడ నోరు తెరవకండి.

4. కుర్చీలో కూర్చోకముందే చెప్పాల్సినవి

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఆ పూట మాత్రలు వేసుకుని, తినే రండి. ఫిల్లింగ్‌కు పరగడుపు అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు తినకుండా వస్తే కుర్చీలోనే కళ్లు తిరుగుతాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే వాటిని సొంతంగా ఆపకండి. ఫిల్లింగ్ కోసం ఆపాల్సిన పనిలేదు, ఆపితేనే ప్రమాదం. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు, ఇంతకుముందు గుండె లోపొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు తప్పకుండా చెప్పాలి. చిగురు తగిలే పని అయితే ముందుగా యాంటిబయాటిక్ ఇస్తారు. ఇదివరకు మత్తు సూదికి గానీ, ఏదైనా మందుకు గానీ దద్దుర్లు వచ్చి ఉంటే ఆ మందు చీటీ తీసుకెళ్లండి.

గర్భిణులకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కూర్చోవడం సులువు. నొప్పి, చీము ఉంటే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు. మామూలు మత్తు సూది వేయించుకోవచ్చు. చిన్న పంటి ఎక్స్‌రేలో పడే రేడియేషన్, మామూలుగా మన చుట్టూ ఉండే ప్రకృతి నుంచి ఒక్క రోజులో పడేదానికంటే ఎక్కువేమీ కాదు. అవసరమైతే సీసం ఆప్రాన్ కప్పి తీస్తారు.

5. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

జిల్లా కేంద్రాల ప్రైవేటు క్లినిక్కుల్లో గ్లాస్ అయానమర్ సిమెంట్ పంటికి సుమారు 500 నుంచి 1,000 రూపాయలు, పంటి రంగు కాంపోజిట్ 1,000 నుంచి 2,000 దాకా ఉంటుంది. దవడ పంటికి రూట్ కెనాల్ 3,000 నుంచి 6,000, క్యాప్ దానికి వేరే. పన్ను ఎన్ని వైపులా పుచ్చిందనే దాన్ని బట్టి రేటు మారుతుంది. పైభాగం ఒక్కటే అయితే తక్కువ. రెండు పళ్ల సందులోకి దిగితే లోహపు పట్టీ కట్టి గోడ నిలబెట్టాలి కాబట్టి ఎక్కువ.

"ఫిల్లింగ్ ఎంత?" అని అడిగితే తెలిసేది సగమే. ఇలా అడగండి: ఎక్స్‌రే, కన్సల్టేషన్ ఇందులోనే కలిసి ఉన్నాయా? ఏ మెటీరియల్ పెడతారు? తొలిచాక లోతు ఎక్కువుందని తేలితే అడుగున పెట్టే మందుకు వేరే తీసుకుంటారా? ఆరు నెలల్లో ఊడితే మళ్లీ ఉచితంగా చేస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, "లోపల చూశాక రూట్ కెనాల్ చేయాల్సి వస్తే అక్కడే ఆపి నాకు చెప్పి, తర్వాతే చేయండి" అని ముందే అనండి. మంచి డాక్టర్ దీనికి ఏమీ అనుకోరు. పుచ్చు లోతు ఎక్స్‌రేలో ఉన్నదానికంటే తొలిచినప్పుడు ఎక్కువగా తేలడం మామూలే, అందులో మోసమేమీ లేదు. అయితే గుజ్జు బతికే ఉండి, పుచ్చు దాని దగ్గరిదాకా వెళ్లినప్పుడు అడుగున కొంచెం మెత్తటి పొర వదిలేసి, కాల్షియం మందు వేసి, పైన గట్టిగా మూసే పద్ధతి ఉంది. గాలి చొరకుండా మూస్తే ఆ కొంచెం పుచ్చు అక్కడే ఆగిపోతుంది. "రూట్ కెనాల్ కాకుండా ఇలా మూసి చూడొచ్చా?" అని ఒక్కసారి అడగండి. మీ నొప్పి కొన్ని సెకన్లకే తగ్గే రకమైతే ఈ ప్రశ్నకు విలువ ఉంది.

6. ఏది పెట్టించుకోవాలి, వెండి ఫిల్లింగ్ ప్రమాదమా?

చాలా పళ్లకు కాంపోజిట్ సరిపోతుంది. పంటి రంగులో ఉంటుంది, పంటికి అతుక్కుంటుంది, తక్కువ తొలిస్తే చాలు. సరిగా చేస్తే ఏడు నుంచి పదేళ్లు వస్తుంది. చిగురు అంచున, నమిలే బరువు పడని చోట, పిల్లల పాలపళ్లకు గ్లాస్ అయానమర్ మంచిది. అది కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతూ చుట్టూ పుచ్చు రాకుండా చూస్తుంది, కానీ దవడ పంటి మీద త్వరగా అరుగుతుంది. లవంగాల వాసన వచ్చే తెల్ల సిమెంట్ తాత్కాలికం. దాన్ని పెట్టించుకుని నెలల తరబడి తిరిగే వాళ్లు ఎందరో. రెండు మూడు వారాల్లో దాన్ని మార్పించాలి.

వెండి ఫిల్లింగ్ అంటే అమాల్గం. అందులో బరువు లెక్కన దాదాపు సగం పాదరసం. మిగతాది వెండి, తగరం, రాగి. నమిలినప్పుడు అతి కొద్దిగా ఆవిరి వస్తుంది. మామూలు మనుషులకు దానివల్ల జబ్బు వస్తుందని రుజువు కాలేదు. అయినా పర్యావరణంలోకి పాదరసం వెళ్లకూడదని మినమాటా ఒప్పందం కింద ప్రపంచమంతా దీని వాడకాన్ని తగ్గిస్తున్నారు. భారత్ 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టర్ తప్పదనుకుంటే తప్ప పెట్టొద్దని 2022లో అందులో చేర్చారు. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి నిషేధించింది. కాబట్టి కొత్తగా పెట్టించుకోవద్దు. కానీ మీ నోట్లో ఇరవై ఏళ్లుగా గట్టిగా ఉన్న పాత వెండి ఫిల్లింగ్‌ను భయపడి తీయించొద్దు. అది నమలడంలో వదిలేదానికంటే తొలిచి తీసేటప్పుడు వచ్చే ఆవిరే ఎక్కువ. పైగా బాగున్న పన్ను కూడా కొంత పోతుంది.

7. కుర్చీలో ఏం జరుగుతుంది

మత్తు సూది వేశాక ఐదు నిమిషాలు ఆగాలి. కింది దవడకైతే పెదవి, నాలుక సగం మొద్దుబారతాయి. మొద్దుబారకముందే తొలచడం మొదలుపెడితే చెయ్యెత్తండి, ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. సూది వేసిన నిమిషంలో గుండె దడదడలాడితే అది మందులో కలిపిన అడ్రినలిన్ వల్ల. కాసేపట్లో సర్దుకుంటుంది.

పుచ్చు తీశాక అసలు పని మొదలవుతుంది. నీలిరంగు ఆమ్లపు జెల్ 15, 20 సెకన్లు ఉంచి కడిగేస్తారు. తర్వాత బాండ్ (అతికించే ద్రవం) పూసి, కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ ఒక్కో పొర మీద నీలి వెలుగు సుమారు 20 సెకన్లు వేస్తారు. ఒకేసారి ముద్దగా నింపేస్తే అడుగు వరకు గట్టిపడదు, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి అంచులో సందు వస్తుంది. జెల్ కడిగిన దగ్గర్నుంచి వెలుగు వేసేదాకా ఉమ్మి తగలకూడదు. తడిచేతికి ప్లాస్టర్ అంటనట్టే, తడి పంటికి కాంపోజిట్ అంటదు. రెండేళ్లలోనే ఊడిపోయే ఫిల్లింగ్‌లలో చాలావాటికి కారణం ఇదే. అందుకే పంటి చుట్టూ రబ్బరు తెర కడతారు, లేదా దూది చుట్టలు పెట్టి మారుస్తూ ఉంటారు. ఆ సమయంలో నాలుకతో తడమకండి, ఉమ్మేయడానికి లేవకండి. ఉమ్మి నిండితే వేలితో సైగ చేయండి.

చివర్లో రంగు కాగితం పెట్టి కొరకమంటారు. మొద్దుబారిన దవడతో ఎలా కొరుకుతున్నామో మనకే తెలియదు. అందుకే తొందరపడకుండా రెండు మూడుసార్లు, పక్కలకు కూడా రుద్దినట్టు కొరకండి. ఫిల్లింగ్ మీద ముదురు చుక్క పడితే అక్కడ ఎత్తుగా ఉందని అర్థం, అరగదీస్తారు.

8. ఇంటికొచ్చాక

మత్తు రెండు మూడు గంటలుంటుంది. అది దిగేదాకా వేడి సంగటి, టీ వద్దు, ఆకు వక్క వద్దు. చెంప, నాలుక కొరుక్కున్నా తెలియదు. కాంపోజిట్ అక్కడే గట్టిపడుతుంది కాబట్టి మత్తు దిగాక తినొచ్చు. గ్లాస్ అయానమర్ అయితే ఒక గంట ఏమీ తినకండి, ఆ రోజంతా అటువైపు నమలకండి. వెండిదైతే 24 గంటలు అటువైపు నమలకండి. బుడ్డలు, నిప్పట్లు, మురుకుల్లాంటి గట్టివి పెద్ద ఫిల్లింగ్ ఉన్నవైపు మొదటి వారం తగ్గించండి.

చల్లటివాటికి కొంచెం జివ్వుమనడం రెండు, మూడు వారాలుండొచ్చు, రోజురోజుకూ తగ్గాలి. పళ్లు ఆనించగానే ఆ పన్నే ముందు తగిలి నొప్పి పుడుతుంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉంది. "అదే అరిగిపోతుందిలే" అని ఊరుకోకండి. ప్రతి ముద్దకూ దెబ్బ తగిలి వేరు చుట్టూ వాస్తుంది. మరుసటి రోజే వెళ్తే ఐదు నిమిషాల్లో అరగదీసి పంపుతారు, డబ్బు అడగకూడదు కూడా. జివ్వుమనడం పోయి రాత్రిపూట పోటు మొదలైతే గుజ్జు దెబ్బతింది, రూట్ కెనాల్ తప్పకపోవచ్చు. లోతు పుచ్చుల్లో అన్నీ సరిగా చేసినా కొన్నిసార్లు ఇలా అవుతుంది.

9. పిల్లల పళ్లు

"పాలపళ్లే కదా, ఊడిపోతాయి" అనే మాట పిల్లలకు చేటు. పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పోతే పక్క పళ్లు జరిగి, కొత్త పంటికి చోటుండదు. ఇంతకంటే పెద్ద పొరపాటు ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను విషయంలో జరుగుతుంది. ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనకాల నాలుగు మూలలా నాలుగు వస్తాయి. వాటినీ పాలపళ్లే అనుకుని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సినవి, పోతే మళ్లీ రావు. పిల్లలకు ఆరేడేళ్లప్పుడు వాటి గాడుల్లో సీలెంట్ (గాడుల్ని మూసే పూత) పూయించమని అడగండి. సూది, తొలచడం ఏమీ ఉండవు.

కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకోని చిన్నపిల్లలకు సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు ఒక నిమిషం పూస్తే పుచ్చు ఆగుతుంది. ఆ భాగం శాశ్వతంగా నల్లబడుతుందని ముందే తెలుసుకుని ఒప్పుకోండి. మత్తు సూది వేయించిన పిల్లల్ని మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండండి, పెదవిని నమిలి పుండు చేసుకుంటారు.

10. పాత ఫిల్లింగ్ ఊడితే

నొప్పి లేకపోయినా వారంలోపు వెళ్లండి. అప్పటిదాకా తిన్న ప్రతిసారీ గట్టిగా పుక్కిలించి, ఆ గుంటను మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. ఫెవిక్విక్‌తో అతికించుకోవడం, చూయింగ్ గమ్ కూరడం చేయొద్దు. ఊడిన ముక్కతో డాక్టర్‌కు పనిలేదు. అంచు విరిగిందా, కింద కొత్త పుచ్చు పట్టిందా అన్నదే చూస్తారు. ఊడింది క్యాప్ అయితే మాత్రం పారేయకండి. కడిగి చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. లోపలి పన్ను బాగుంటే అదే మళ్లీ అతికిస్తారు, కొత్త క్యాప్ డబ్బు మిగులుతుంది.